పేదల భారం పేదలే మోయాలా? జార్జ్ లాన్స్‌బరీ, పాప్లర్ పోరాటం

1921 జులై 29న తూర్పు లండన్‌లోని పాప్లర్ నుంచి ఒక ఊరేగింపు బయలుదేరింది. ముందు బ్యాండు మేళం, ఆ వెనుక బరో అధికార దండం పట్టుకున్న ఉద్యోగి, మెడలో పదవీ హారంతో మేయర్ శామ్ మార్చ్, ఆయన వెంట కౌన్సిలర్లు, వారి వెనుక సుమారు 2,000 మంది జనం. వాళ్లు వెళ్తున్నది హైకోర్టుకు. అక్కడి నుంచి జైలుకు కూడా వెళ్లాల్సి రావచ్చని ముందే బ్యానర్ మీద రాసి పట్టుకున్నారు.

ఆ కౌన్సిలర్లలో చాలామంది కూలీలు, రైల్వే కార్మికులు, ఓడరేవు కార్మికులు. వాళ్లకు పెద్ద దిక్కు 62 ఏళ్ల జార్జ్ లాన్స్‌బరీ. అప్పటికి ఆయన డైలీ హెరాల్డ్ పత్రిక సంపాదకుడు, పాప్లర్ మాజీ మేయర్. తర్వాతి కాలంలో బ్రిటిష్ లేబర్ పార్టీకి నాయకుడయ్యారు. అయినా ఇంగ్లండ్ చరిత్రలో ఆయన పేరు నిలిచింది పార్లమెంటులో చేసిన పనికన్నా, ఒక పేద బరో కౌన్సిల్లో కూర్చుని చేసిన తిరుగుబాటు వల్లే. దొంగతనం, అవినీతి చేసి జైలుకెళ్లిన ప్రజాప్రతినిధులు ఏ దేశంలోనైనా ఉంటారు. తమ ఊరి పేదల మీద అదనపు పన్ను వేయబోమని చెప్పి, ఒక స్థానిక సంస్థ సభ్యులు మూకుమ్మడిగా జైలుకెళ్లడం మాత్రం అరుదు.

రైల్వే పనివాడి కొడుకు

లాన్స్‌బరీ 1859 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ తూర్పు ప్రాంతమైన సఫోక్‌లో పుట్టారు. తండ్రి రైలు మార్గాలు వేసే కాంట్రాక్టర్ల దగ్గర పని చేసేవాడు. పని ఎక్కడుంటే కుటుంబం అక్కడికి మారేది. 1860ల చివర్లో వాళ్లు తూర్పు లండన్ చేరారు. జార్జ్ చదువు చిన్న వయసులోనే ఆగిపోయింది. బొగ్గు మోయడం, సరుకు దించడం వంటి పనులతో ఆయన యవ్వనం గడిచింది.

1880లో బెస్సీ బ్రైన్‌ను పెళ్లి చేసుకున్నారు. నాలుగేళ్లకు భార్యాపిల్లలతో ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడ పని దండిగా దొరుకుతుందని, కూలి బాగా గిట్టుబాటవుతుందని ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఏజెంట్లు ప్రచారం చేసేవారు. తీరా వెళ్లాక రాళ్లు కొట్టడం, కబేళాలో పని వంటి కష్టమైన పనులే దొరికాయి. 1885లో మామగారు పంపిన డబ్బుతో తిరిగొచ్చారు. వచ్చీ రాగానే ఆ వలస ప్రచారం మోసమని సభలు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ప్రజా జీవితం అలా మొదలైంది.

తర్వాత మామగారి రంపపు మిల్లులో పని చేస్తూ లిబరల్ పార్టీ ఎన్నికల ఏజెంటుగా పేరు తెచ్చుకున్నారు. కార్మికుల పనిగంటల విషయంలో ఆ పార్టీ నాయకత్వం వెనకడుగు వేయడంతో విసిగిపోయి, 1892లో బయటికొచ్చి సోషలిస్టు శిబిరంలో చేరారు. అయితే ఆయన సోషలిజం పుస్తకాల్లోంచి పుట్టింది కాదు. క్రైస్తవ విశ్వాసం, తాను తిన్న దెబ్బలు కలిసి దాన్ని తయారుచేశాయి.

వర్క్‌హౌస్ గోడల లోపల

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పేదలను ఆదుకునే బాధ్యత స్థానికంగా ఎన్నికైన గార్డియన్ల బోర్డులది. పని లేనివాళ్లు, ముసలివాళ్లు, అనాథలు వర్క్‌హౌస్ అనే ఆశ్రయంలో చేరాలి. పేరుకది ఆశ్రయం, నడిచే తీరు జైలులా ఉండేది. భార్యాభర్తలను విడదీసేవారు, ఒంటి మీద గుర్తు పట్టేలా యూనిఫాం వేయించేవారు. సాయం అడగాలంటేనే మనిషి భయపడాలన్నది 1834 నాటి పేదల చట్టం వెనుక ఉన్న ఆలోచన.

1890ల తొలినాళ్లలో లాన్స్‌బరీ పాప్లర్ గార్డియన్ల బోర్డుకు ఎన్నికయ్యారు. ఆయనకు తోడుగా నిలిచిన విల్ క్రూక్స్ చిన్నప్పుడు వర్క్‌హౌస్‌లో గడిపినవాడే. ఇద్దరూ కలిసి లోపలి తిండి మార్చారు, యూనిఫాం తీయించారు, మొరటు సిబ్బందిని సాగనంపారు. పిల్లలను వర్క్‌హౌస్ నుంచి తీసి ఎసెక్స్‌లోని హట్టన్‌లో కట్టిన మంచి స్కూలుకు పంపారు. పని లేని మగవాళ్ల కోసం అమెరికా సంపన్నుడు జోసెఫ్ ఫెల్స్ సాయంతో వ్యవసాయ క్షేత్రాలు తెరిచారు.

ఇదంతా దుబారా అని ఆరోపణలొచ్చాయి. 1906లో ప్రభుత్వం విచారణ జరిపించింది. కాంట్రాక్టులు, ఖర్చుల్లో లోపాలు బయటపడ్డాయి గానీ లాన్స్‌బరీ, క్రూక్స్ సొంత నిజాయతీ మీద మచ్చ పడలేదు. అంతకుముందే, 1905లో, పేదల చట్టంపై వేసిన రాయల్ కమిషన్‌లో లాన్స్‌బరీని సభ్యుడిగా తీసుకున్నారు. 1909లో ఆయన బియాట్రిస్ వెబ్‌తో కలిసి అల్పసంఖ్యాక నివేదిక మీద సంతకం చేశారు. పేదరికం వ్యక్తి తప్పు కాదు, దాన్ని నివారించడం రాజ్యం బాధ్యత అన్నది ఆ నివేదిక సారం. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. కానీ దశాబ్దాల తర్వాత బ్రిటన్‌లో వచ్చిన సంక్షేమ రాజ్యానికి బీజం అక్కడే పడిందని చరిత్రకారులు చాలామంది భావిస్తారు.

1910 డిసెంబరులో బో అండ్ బ్రామ్లీ నియోజకవర్గం నుంచి ఆయన పార్లమెంటుకు గెలిచారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ సీటు వదులుకున్నారు. మహిళలకు ఓటు హక్కు విషయంలో సొంత పార్టీ గట్టిగా నిలబడటం లేదని రాజీనామా చేసి, అదే అంశం మీద ఉపఎన్నికలో పోటీ చేసి ఓడిపోయారు. మరుసటి ఏడాది సఫ్రెజెట్‌లను సమర్థిస్తూ చేసిన ప్రసంగానికి జైలుకెళ్లారు. లోపల నిరాహార దీక్ష చేస్తే కొద్ది రోజులకే విడిచిపెట్టారు. నమ్మిన మాట కోసం పదవి పోయినా లెక్కచేయని ఈ స్వభావమే తర్వాత ఆయనకు గెలుపునూ ఓటమినీ తెచ్చిపెట్టింది.

పన్ను లెక్కలోని అన్యాయం

పాప్లర్ థేమ్స్ నది ఒడ్డున ఓడరేవులను ఆనుకున్న బరో. ఈస్టిండియా డాక్స్, వెస్టిండియా డాక్స్ అక్కడివే. మన దేశం నుంచి వెళ్లిన సరుకులెన్నో ఆ రేవుల్లో దిగాయి. ఆ సంపద లండన్ నగర కేంద్రానికి పోయేది, మూటలు మోసేవాళ్లు పాప్లర్‌లో ఉండేవాళ్లు. రేవులో పని రోజు కూలీ. ఓడ వస్తే పని, లేకపోతే పస్తు.

అప్పట్లో లండన్ 28 మెట్రోపాలిటన్ బరోలుగా ఉండేది, సిటీ ఆఫ్ లండన్ దానికి అదనం. వీటి మీద లండన్ కౌంటీ కౌన్సిల్ ఉండేది. బరోలకు ముఖ్య ఆదాయం రేట్స్ అనే ఇంటి పన్ను. ఇంటికో దుకాణానికో ఏడాదికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి, దాన్ని బట్టి వేసేవారు. బరో కౌన్సిల్ ఈ పన్నును తన కోసమే కాక, కౌంటీ కౌన్సిల్ కోసం, పోలీసుల కోసం, నీటి బోర్డు కోసం, ఆసుపత్రులు నడిపే అసైలమ్స్ బోర్డు కోసం కూడా వసూలు చేసి కట్టాలి.

చిక్కు పేదల పోషణ ఖర్చు దగ్గర వచ్చింది. అందులో పెద్ద భాగాన్ని ఏ ప్రాంతానికి ఆ ప్రాంతమే భరించాలి. వెస్ట్‌మినిస్టర్‌లో భవనాల విలువ ఎక్కువ, సాయం కోరేవాళ్లు తక్కువ. అక్కడ పౌండుకు ఒక పెన్నీ పన్ను వేస్తే వచ్చే డబ్బు పాప్లర్‌లో అదే పన్నుకు వచ్చేదానికి ఎన్నో రెట్లు. పాప్లర్‌లో ఇళ్ల విలువ తక్కువ, ఆకలి ఎక్కువ. అంటే పేదరికం ఎంత పెరిగితే ఆ పేదల మీదే అంత ఎక్కువ పన్ను పడుతుంది. పని లేనివాడి పోషణకు పక్కింటి కూలీవాడు అద్దెలో కలిపి కట్టాలి. ఆ కూలీలు దించిన సరుకుతో లాభపడ్డ నగర కేంద్రం మాత్రం అందులో నామమాత్రంగానే పాలుపంచుకునేది.

1919 నవంబరు ఎన్నికల్లో పాప్లర్‌లోని 42 కౌన్సిలర్ సీట్లలో 39 లేబర్ పార్టీ గెలిచింది. లాన్స్‌బరీ మేయర్ అయ్యారు. కొత్త కౌన్సిల్ ఇళ్లు కట్టే పని మొదలుపెట్టింది, తల్లీబిడ్డల ఆరోగ్య కేంద్రాలను పెంచింది. కౌన్సిల్ ఉద్యోగులకు వారానికి కనీసం 4 పౌండ్ల వేతనం నిర్ణయించింది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే వేతనం ఇచ్చింది. ఆ కాలానికి అది ఊహించని మాట.

1920 చివరికల్లా యుద్ధానంతర వ్యాపార జోరు ఆగిపోయింది. రేవుల్లో పని పడిపోయింది, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు వీధుల్లో పడ్డారు. సాయం కోరేవాళ్ల వరుసలు పెరిగాయి. ఖర్చులు తగ్గించుకోవడమా, జనం మీద ఇంకా పన్ను వేయడమా అన్న ప్రశ్న కౌన్సిల్ ముందుకొచ్చింది. 1921 మార్చిలో లాన్స్‌బరీ బృందం రెండూ కాని దారి ఎంచుకుంది. సొంత ఖర్చులకు, పేదల సాయానికి కావాల్సిన పన్ను మాత్రమే వేసి, కౌంటీ కౌన్సిల్ వగైరా పై సంస్థల వాటా వసూలు చేయడం మానేసింది. నిజానికి కౌన్సిలర్ల అసలు ఫిర్యాదు ఆ వాటాల మీద కాదు. పేదల ఖర్చును లండన్ అంతటా పంచమని ఎన్నేళ్లు అడిగినా వినని ప్రభుత్వాన్ని కదిలించడానికి వాళ్ల చేతిలో ఉన్న మీట అదొక్కటే.

జైలులో కౌన్సిల్ సమావేశాలు

కౌంటీ కౌన్సిల్, అసైలమ్స్ బోర్డు కోర్టుకెళ్లి మాండమస్ ఉత్తర్వు తెచ్చాయి. పన్ను వేయాల్సిందేనని కోర్టు చెప్పింది. కౌన్సిలర్లు ససేమిరా అన్నారు. కోర్టు ధిక్కారం కింద సెప్టెంబరు మొదటి రోజుల్లో 30 మందిని అరెస్టు చేశారు. 25 మంది మగవాళ్లను బ్రిక్స్‌టన్ జైలుకు, అయిదుగురు ఆడవాళ్లను హాలోవే జైలుకు తీసుకెళ్లారు. లాన్స్‌బరీతో పాటు ఆయన కొడుకు ఎడ్గర్, కోడలు మిన్నీ కూడా జైలుపాలయ్యారు. మరో కౌన్సిలర్ నెల్లీ క్రెసాల్ అప్పటికి నెలలు నిండుతున్న గర్భిణి. ఆమెను లోపల ఉంచడం ప్రభుత్వానికే ఇబ్బందిగా మారి ముందుగా వదిలేశారు. ఇరవై రెండేళ్ల తర్వాత, 1943లో, ఆమె పాప్లర్‌కు మేయర్ అయ్యారు.

జైలు శిక్షకు గడువు లేదు. కోర్టు మాట వినేదాకా లోపలే ఉండాలి. అయినా బయట ఊరి పని ఆగకూడదు. పట్టుబట్టి జైలులోనే కౌన్సిల్ సమావేశాలు జరుపుకునే అనుమతి సంపాదించారు. మహిళా కౌన్సిలర్లను హాలోవే నుంచి బ్రిక్స్‌టన్‌కు కారులో తీసుకొచ్చేవారు. సాయంత్రాలు జైలు గోడ బయట జనం చేరితే లాన్స్‌బరీ కిటికీ ఊచల వెనుక నుంచి వాళ్లతో మాట్లాడేవారు.

లేబర్ పార్టీలోనే ఈ పద్ధతి నచ్చనివాళ్లు ఉన్నారు. వారిలో ముఖ్యుడు హాక్నీ మేయర్ హెర్బర్ట్ మోరిసన్. కార్మికుల పార్టీకి పాలించే సత్తా ఉందని జనం నమ్మాలంటే చట్టాన్ని పాటించి చూపాలని, నిబంధనలు నచ్చనప్పుడల్లా కౌన్సిళ్లు ఎదురు తిరిగితే రేపు లేబర్ ప్రభుత్వాన్ని సంపన్న బరోలు కూడా ధిక్కరిస్తాయని ఆయన వాదన. తీసిపారేయగల వాదన కాదది. మోరిసన్, మరికొందరు మేయర్లు స్కాట్లాండ్‌లో సెలవులో ఉన్న ప్రధాని లాయిడ్ జార్జ్ దగ్గరకు రాయబారం వెళ్లారు. కానీ ప్రభుత్వాన్ని కదిలించింది రాయబారం ఒక్కటే కాదు. పొరుగున ఉన్న బెత్నల్ గ్రీన్, స్టెప్నీ కౌన్సిళ్లు కూడా పాప్లర్ బాటలో నడుస్తామని తీర్మానించాయి. ఒక బరోను జైల్లో పెట్టడం సాధ్యమే, లండన్ తూర్పు భాగమంతటినీ జైల్లో పెట్టడం సాధ్యం కాదు.

అక్టోబరు 12న కౌన్సిలర్లను విడుదల చేశారు. వాళ్లు క్షమాపణ చెప్పలేదు. నవంబరులో పార్లమెంటు హడావుడిగా కొత్త చట్టం చేసింది. ఇళ్ల దగ్గర ఉంటున్న పేదలకు ఇచ్చే సాయం ఖర్చును, ఒక పరిమితి మేరకు, లండన్ ఉమ్మడి నిధి నుంచి భరించే ఏర్పాటు జరిగింది. సంపన్న బరోలు ఎక్కువ ఇవ్వాలి, పేద బరోలు ఎక్కువ పొందాలి. ఎన్నో ఏళ్ల అర్జీలతో రానిది ఆరు వారాల జైలుతో వచ్చింది.

ఆ గెలుపుకు లాన్స్‌బరీ ఇంట్లోనే మూల్యం చెల్లించాల్సి వచ్చింది. జైలు నుంచి వచ్చిన మిన్నీ ఫ్లూ సోకి, అది న్యుమోనియాగా మారి 1922 జనవరి 1న చనిపోయింది. ఆమె వయసు 32. ఎడ్గర్ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నారు. హాలీవుడ్ నటి ఏంజెలా లాన్స్‌బరీ ఆయన కూతురు, జార్జ్ మనవరాలు.

ఆడిటర్ చేతిలో ఓటమి

పోరు అక్కడితో ముగియలేదు. పాప్లర్ గార్డియన్లు ప్రభుత్వం చెప్పిన పరిమితికి మించి సాయం ఇచ్చేవారు. ఇలా ఉదారంగా ఖర్చు చేసే తీరుకు పత్రికలు పాప్లరిజం అని పేరు పెట్టాయి, ఆ మాట నిఘంటువుల్లోకి ఎక్కింది. 4 పౌండ్ల వేతనం మీద ప్రభుత్వ ఆడిటర్ అభ్యంతరం చెప్పి, అదనంగా ఇచ్చిన 5,000 పౌండ్లు కౌన్సిలర్లే చెల్లించాలన్నాడు. యుద్ధం తర్వాత ధరలు పడిపోయినా పాప్లర్ వేతనం తగ్గించలేదన్నది ఆయన పాయింటు. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1925లో లార్డ్స్ ఆడిటర్‌నే సమర్థించారు. ఎన్నికైన కౌన్సిల్‌కు విచక్షణాధికారం ఉన్నా, పన్ను కట్టేవాళ్ల డబ్బును సొంత ఆదర్శాల కోసం ఖర్చు చేయడానికి అది వర్తించదన్నారు. ఆడవాళ్లకు సమాన వేతనం కూడా న్యాయమూర్తుల కంటికి అసహజంగానే కనిపించింది.

రాబర్ట్స్ వర్సెస్ హాప్‌వుడ్ అనే ఈ తీర్పు పరిపాలనా న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఇప్పటికీ ఎదురవుతుంది. అది లేవనెత్తిన ప్రశ్న ఇంకా తేలలేదు. తమ ఊరికి ఏది న్యాయమో తేల్చాల్సింది ఓటర్లు ఎన్నుకున్నవాళ్లా, ఆడిటరా, న్యాయమూర్తా? పాప్లర్ ఓటర్లు మాత్రం తమ జవాబు చెప్పారు. లేబర్ కౌన్సిలర్లనే మళ్లీ మళ్లీ గెలిపించారు. 1930లో గార్డియన్ల బోర్డులే రద్దయ్యాయి. పేదల సాయం బాధ్యత లండన్‌లో మొత్తంగా కౌంటీ కౌన్సిల్‌కు మారింది. లాన్స్‌బరీ ఎప్పటినుంచో అడుగుతున్నది కూడా ఖర్చు మొత్తం నగరం మోయాలనే.

ఇండియాతో బంధం, చివరి రోజులు

1922లో లాన్స్‌బరీ తిరిగి పార్లమెంటుకు వెళ్లారు. 1925 డిసెంబరులో అనీ బీసెంట్ చొరవతో తయారైన కామన్వెల్త్ ఆఫ్ ఇండియా బిల్లును కామన్స్ సభలో ప్రవేశపెట్టింది ఆయనే. భారత్‌కు స్వపరిపాలన కోరిన ఆ బిల్లు ముందుకు సాగలేదు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీ విలాసవంతమైన హోటళ్లు వద్దని తూర్పు లండన్‌లోని కింగ్‌స్లీ హాల్‌లో బస చేశారు. అది లాన్స్‌బరీ నియోజకవర్గంలోనిదే. ఆతిథ్యమిచ్చిన మ్యూరియల్ లెస్టర్ పాప్లర్ కౌన్సిల్లో పనిచేసిన వ్యక్తి.

1929లో మంత్రి అయిన లాన్స్‌బరీ లండన్ పార్కులను మామూలు జనం కోసం తెరిచారు. హైడ్ పార్కులోని సర్పెంటైన్ చెరువులో ఆడా మగా కలిసి ఈత కొట్టే ఏర్పాటు ఆయన చలవే. 1931లో పార్టీ చీలి చిత్తుగా ఓడినప్పుడు, మిగిలిన కొద్దిమందికి ఆయన నాయకుడయ్యారు. కానీ పాప్లర్‌లో గెలిపించిన మొండి అంతరాత్మ ఇక్కడ పనికిరాలేదు. ఆయన యుద్ధానికి పూర్తి వ్యతిరేకి. ముస్సోలినీ అబిసీనియా మీదికి పోయినప్పుడు పార్టీ ఆంక్షల వైపు, అవసరమైతే బలప్రయోగం వైపు మొగ్గింది. 1935 బ్రైటన్ మహాసభలో కార్మిక నాయకుడు ఎర్నెస్ట్ బెవిన్ ఆయనను కటువుగా దుయ్యబట్టారు. లాన్స్‌బరీ రాజీనామా చేశారు. 1937లో శాంతి కోసమంటూ హిట్లర్‌ను, ముస్సోలినీని కలిసొచ్చారు. మంచి మాటలతో వాళ్లు మారతారని నమ్మడం ఆయన జీవితంలో పెద్ద పొరపాటు. పాప్లర్‌లో ఎదురుగా ఉన్నది జనాభిప్రాయానికి జంకే ప్రభుత్వం. బెర్లిన్‌లో ఉన్నది అలాంటిది కాదు.

ఆయన తర్వాత పార్టీ పగ్గాలు అందుకున్న క్లెమెంట్ అట్లీ కూడా స్థానిక పాలన నుంచి వచ్చినవారే. 1919లో లాన్స్‌బరీ పాప్లర్ మేయర్‌గా ఉన్నప్పుడు అట్లీ పక్కనున్న స్టెప్నీకి మేయర్. ప్రధానిగా సంక్షేమ రాజ్యాన్ని కట్టిందీ, భారత్‌కు స్వాతంత్ర్యం ఇచ్చిందీ ఆ అట్లీ ప్రభుత్వమే. అది చూడటానికి లాన్స్‌బరీ లేరు. 1936లో మరోసారి పాప్లర్ మేయర్‌గా పనిచేసి, 1940 మే 7న, యుద్ధం ఉధృతమవుతున్న రోజుల్లో కన్నుమూశారు. బో రోడ్డులో ఆయన బతికిన ఇల్లు కొద్దికాలానికే జర్మన్ బాంబులకు కూలిపోయింది.

యుద్ధం తర్వాత పాప్లర్‌లో కట్టిన కొత్త కాలనీకి లాన్స్‌బరీ ఎస్టేట్ అని పేరు పెట్టారు. 1965లో పాప్లర్, స్టెప్నీ, బెత్నల్ గ్రీన్ కలిసి టవర్ హామ్లెట్స్ బరో అయ్యాయి. ఈనాడు అక్కడి జనాభాలో మూడో వంతు మంది బంగ్లాదేశ్ మూలాలవాళ్లు. కూలీలు మూటలు దించిన వెస్టిండియా డాక్స్ మీద బ్యాంకుల అద్దాల మేడలతో కానరీ వార్ఫ్ లేచింది. లాన్స్‌బరీ ఎస్టేట్ నుంచి అక్కడికి నడిచి వెళ్లొచ్చు. వాటి మధ్య ఉన్న సంపద తేడాను ఎవరు, ఏ లెక్కన పూడ్చాలన్నదే ఆ బరో రాజకీయాల్లో ఇప్పటికీ ప్రధాన ప్రశ్న.